ఇంటి కంప్యూటరుకు చికిత్స: చెడిన నిర్వాహక వ్యవస్థను బాగుచేయు విద్య పెరిగిన తీరు

యంత్రములు సాధారణముగా భాగములు అరిగియో, విరిగియో చెడిపోవును. సైకిలు గొలుసు తెగినచో కొత్త గొలుసు వేయుదుము. మోటారు చుట్ట కాలినచో తీగ మరల చుట్టింతుము. కంప్యూటరు మరియొక విధముగా కూడ చెడును. ఒక్క భాగమైనను విరుగదు, కాలదు. విద్యుత్తు సక్రమముగా ప్రవహించుచునే యుండును. లోపలి పంకా తిరుగుచునే యుండును. అయినను తెరపై ఒకటి రెండు పంక్తుల హెచ్చరిక తప్ప మరేమియు కనబడదు. అప్పుడు చెడినది అందులోని వ్రాత.

కంప్యూటరులోని మీటల పలకను, తెరను, డిస్కును, గణన చేయు చిప్పును ఒక త్రాటిపై నడిపించు ప్రోగ్రాముల సముదాయమునకు ఆపరేటింగ్ సిస్టము అని పేరు. తెలుగులో దీనిని నిర్వాహక వ్యవస్థ అనుచున్నారు. విండోస్, లినక్స్, మాక్ ఓయస్ అనునవి ఇట్టివే. ఉత్తరము వ్రాయు ప్రోగ్రామైనను, లెక్క వేయు ప్రోగ్రామైనను దీని అండ లేనిదే కదలజాలదు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. నిర్వాహక వ్యవస్థ చెడినచో దానిని బాగుచేయవలసినది కూడ ఒక ప్రోగ్రామే. ఆ ప్రోగ్రాము నడచుటకు నిర్వాహక వ్యవస్థ కావలెను. ఎంతటి నేర్పరియైనను తన భుజముపై తానెక్కి నిలువజాలడని మన తార్కికులు చెప్పెడి దృష్టాంతము ఇచ్చటికి చక్కగా సరిపోవును. గత 50 సంవత్సరములలో ఇంటి కంప్యూటరు ఈ చిక్కును ఎట్లు దాటుచు వచ్చినదో ఈ వ్యాసమున పరిశీలింతము. ఇది కేవలము యంత్రమునకు సంబంధించిన కథ కాదు. యంత్రము బాగుపడినను, అందు దాచుకొన్న మన వ్రాతలు, ఛాయాచిత్రములు దక్కునా దక్కవా అన్నది ఈ చరిత్ర పొడవునా వెంటాడిన ప్రశ్న.

స్విచ్చులతో మేలుకొలుపు

కంప్యూటరు పనిచేయుచున్నప్పుడు ప్రోగ్రాములు, అంకెలు నిలుచు చోటు తాత్కాలిక స్మృతి. దీనినే ర్యామ్ అందురు. విద్యుత్తు ఆగినంతనే ఇందలి వ్రాత అంతయు చెరిగిపోవును. కావున యంత్రమును వెలిగించిన ప్రతిసారి నిర్వాహక వ్యవస్థను వేరొక చోటినుండి తెచ్చి ఈ స్మృతిలో నింపవలెను. ఈ పనికి బూటింగ్ అని పేరు. బూటు వెనుకనుండు పట్టీని పట్టుకొని తన్ను తానే పైకి లాగుకొనుట అను ఆంగ్ల జాతీయమునుండి ఈ మాట పుట్టినది.

1975 జనవరిలో అమెరికాలోని 'పాప్యులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖపత్రముపై ఆల్టెయిర్ 8800 అను యంత్రము కనబడినది. ఇంటిలో పెట్టుకొనదగిన తొలి కంప్యూటర్లలో ఇది సుప్రసిద్ధము. 256 బైట్ల స్మృతితో అమ్మబడిన ఈ యంత్రమునకు తెర లేదు, మీటల పలక లేదు. ముందువైపు స్విచ్చుల వరుసలు, చిన్న దీపములు మాత్రము ఉండెడివి. యజమాని ఆ స్విచ్చులను పైకి, క్రిందికి కదపి, 1, 0 అను గుర్తులతో ఒక చిన్న ప్రోగ్రామును ఒక్కొక్క బైటుగా ఎక్కించెడివాడు. ఆ ప్రోగ్రాము కాగితపు టేపునుండి పెద్ద ప్రోగ్రామును చదివి లోనికి తెచ్చెడిది. బిల్ గేట్స్, పాల్ ఆలెన్ ఈ యంత్రమునకై బేసిక్ భాషను సిద్ధపరచినప్పుడు, ఈ చిన్న ప్రోగ్రామును వ్రాయుట మరచిరి. ప్రదర్శనకై ఆల్బుకర్కీ నగరమునకు పోవుచు ఆలెన్ విమానములోనే దానిని వ్రాసెను.

ఆ దినములలో వ్యవస్థ చెడినచో చికిత్స సులభమే. విద్యుత్తు ఆపి, మరల స్విచ్చులు కదపి, టేపును మరల చదివించెడివారు. యంత్రమునకు వెలుపల చెడని భాగము రెండు చోట్ల ఉండెను: ఒకటి కాగితపు టేపు, రెండవది యజమాని బుర్ర.

చెరగని వ్రాత

1977లో ఆపిల్ 2, కమడోర్ పెట్, టి.ఆర్.ఎస్.-80 అను మూడు యంత్రములు విపణిలోనికి వచ్చినవి. వీనిలో మేలుకొలుపు ప్రోగ్రామును, బేసిక్ భాషను చదువుటకే గాని మరల వ్రాయుటకు వీలులేని చిప్పులలో ముద్రించిరి. ఇట్టి చిప్పునకు రోమ్ అని పేరు. విద్యుత్తు ఆగినను ఇందలి వ్రాత చెరగదు. యజమాని ఎట్టి పొరపాటు చేసినను, ప్రోగ్రాము ఎంత గందరగోళపడినను నిర్వాహక వ్యవస్థకు హాని కలుగదు. ఆపి, మరల వెలిగించుటయే చికిత్స.

1981లో ఇంగ్లండున తయారైన బి.బి.సి. మైక్రో ఈ తరగతికి చెందినది. అందు 16 కిలోబైట్ల రోమ్‌లో నిర్వాహక వ్యవస్థయు, మరియొక 16 కిలోబైట్లలో బేసిక్ భాషయు ఇమిడియుండెను. 1984-85లో భారత ప్రభుత్వము 'క్లాస్' అను పేర పాఠశాలలలో కంప్యూటరు అక్షరాస్యతా పథకమును ఆరంభించినప్పుడు ఎంచుకొన్నది ఈ యంత్రమునే. తరగతి గదిలో పదిమంది పిల్లల చేతులు పడు యంత్రమునకు ఈ గుణము ఎంత అవసరమో ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

అయితే ఈ రక్షణకు వెల కలదు. చెరపరాని వ్రాతలో తప్పు దొరలినచో దిద్దుటకు కూడ వీలుండదు, చిప్పునే మార్చవలెను. వ్యవస్థ పెరిగిన కొలది చిప్పులో చోటు చాలదు. కావున నిర్వాహక వ్యవస్థ డిస్కుపైకి మారక తప్పలేదు.

డిస్కుపైకి ప్రయాణము

అమెరికాలో గారీ కిల్డాల్ 1974లో సి.పి.ఎమ్. అను వ్యవస్థను ఫ్లాపీ డిస్కులకై రూపొందించెను. 1981 ఆగస్టులో ఐ.బి.ఎమ్. సంస్థ పర్సనల్ కంప్యూటరును వెలువరించినది. దాని డాస్ వ్యవస్థ 160 కిలోబైట్లు పట్టు ఫ్లాపీపై లభించెడిది. తెలిసిన యజమాని మొదటి దినముననే ఆ ఫ్లాపీకి నకలు తీసి, అసలును బీరువాలో దాచి, నకలుతో పనిచేసెడివాడు. నకలు చెడినచో అసలునుండి మరియొకటి తీసికొనెడివాడు. తన ఉత్తరములు, లెక్కలు వేరొక ఫ్లాపీపై ఉండెడివి గనుక వ్యవస్థకు వచ్చిన చేటు వానికి తగిలెడిది కాదు.

1983 మార్చిలో వచ్చిన పి.సి. ఎక్స్.టి. యంత్రములో 10 మెగాబైట్ల హార్డు డిస్కు అమర్చబడెను. ఈ మార్పుతో సౌకర్యము పెరిగినది, అపాయమును పెరిగినది. నిర్వాహక వ్యవస్థయు, యజమాని వ్రాతలును ఒకే డిస్కుపై, ఒకే పెట్టెలో కాపురము పెట్టినవి. ఒకదానికి చేయు చికిత్స రెండవదానికి ప్రాణాంతకము కాగల పరిస్థితి ఏర్పడినది ఇప్పుడే.

హార్డు డిస్కునుండి యంత్రము మేల్కొనుట నాలుగు లంకెల గొలుసు వంటిది. మొదట రోమ్‌లోని ప్రోగ్రాము భాగములను పరీక్షించి డిస్కులోని మొదటి గడిని చదువును. ఆ గడి పరిమాణము 512 బైట్లు. అందు 446 బైట్లలో చిన్న ప్రోగ్రాము, 64 బైట్లలో డిస్కు ఎన్ని భాగములుగా విభజింపబడినదో తెలుపు పట్టిక, చివరి 2 బైట్లలో సరిచూచు గుర్తు ఉండును. ఈ ప్రోగ్రాము రెండవ లంకె. అది డిస్కు భాగములోని వ్యవస్థా ఫైళ్లను పిలుచును. అవి మూడవ లంకె. అవి మన ఆజ్ఞలను అందుకొను ప్రోగ్రామును పిలుచును. అది నాలుగవది. యంత్రము ఏ మాట చెప్పి ఆగినదో గమనించినచో తెగిన లంకె ఏదో ఊహింపవచ్చును. 'వ్యవస్థ లేని డిస్కు' అన్నచో మూడవ లంకె. 'ఆజ్ఞలనందుకొను ప్రోగ్రాము లేదు' అన్నచో నాలుగవది. అప్పుడు వ్యవస్థ గల ఫ్లాపీతో యంత్రమును లేపి, 'సిస్' అను ఆజ్ఞతో వ్యవస్థా ఫైళ్లను డిస్కుపై మరల వ్రాయించెడివారు. యజమాని ఫైళ్లు చెక్కుచెదరక నిలిచెడివి. నేటి యంత్రములలో ఈ గొలుసు రూపము మారినది. యు.ఇ.ఎఫ్.ఐ. అను కొత్త పద్ధతి పాత రోమ్ ప్రోగ్రాము స్థానమున వచ్చినది. కాని లంకెను వెదకి దానినే బాగుచేయవలెనను సూత్రము మారలేదు.

గ్రంథాలయపు రిజిస్టరు

డిస్కును గ్రంథాలయముతో పోల్చవచ్చును. ఫైళ్లు పుస్తకములు. ఏ పుస్తకము ఏ బీరువాలో ఏ అరలలో ఉన్నదో తెలుపు రిజిస్టరు వేరుగ ఉండును. డాస్ వ్యవస్థలో ఈ రిజిస్టరులోని ప్రధాన పట్టికకు ఫ్యాట్ అని పేరు. దీని విలువ ఎరిగిన రూపకర్తలు డిస్కుపై రెండు ప్రతులు ఉంచిరి. రిజిస్టరు చెడినచో పుస్తకములన్నియు అరలలోనే ఉన్నను గ్రంథాలయము పనికిరాదు.

డాస్‌లో ఒక ఫైలును తొలగించినచో నిజముగా తుడిచివేయబడునది స్వల్పము. పేరులోని మొదటి అక్షరము స్థానమున ఒక గుర్తు పడును. పట్టికలో ఆ గడులు ఖాళీ అని వ్రాయబడును. పుస్తకము అరలోనే యుండును. 1982లో అమెరికను ప్రోగ్రాము రచయిత పీటర్ నార్టన్ ఈ సంగతిని ఆధారము చేసికొని పోయిన ఫైళ్లను తిరిగి తెచ్చు ప్రోగ్రామును వెలువరించెను. ఇందొక నియమము కలదు. ఆ గడులపై కొత్త వ్రాత పడకముందే ఈ పని జరుగవలెను. కావున ఫైలు పోయినదని తెలిసినంతనే ఆ డిస్కుపై ఏమియు వ్రాయకుండుట మొదటి చికిత్స. ఆతురతతో అదే డిస్కుపై నిర్వాహక వ్యవస్థను మరల ఎక్కించువారు, దొరకగల ఫైళ్లను తమ చేతులతోనే పూడ్చివేయుచుందురు. నేటి చిప్పు డిస్కులలో ఖాళీయైన గడులను డిస్కే ముందుగా తుడిచిపెట్టుకొనును గనుక ఈ అవకాశము ఇంకను తక్కువ.

చిట్టా, ఆవర్జా

పనిమధ్యలో విద్యుత్తు పోయినచో రిజిస్టరు సగము వ్రాసి ఆగిపోవును. డాస్‌లో 'చెక్‌డిస్క్' అను ప్రోగ్రాము అట్టి పొరపాట్లను వెదకెడిది. యునిక్స్ అను పెద్ద వ్యవస్థకై 1970ల చివర బెల్ ప్రయోగశాలలలో టెడ్ కొవాల్‌స్కీ 'ఎఫ్.ఎస్.సి.కె.' అను తనిఖీ ప్రోగ్రామును వ్రాసెను. 1991లో పుట్టిన లినక్స్ ద్వారా ఇట్టి ప్రోగ్రాము ఇండ్లలోనికి వచ్చినది. ఏ పేరునకును చెందని గడులు కనబడినచో ఈ ప్రోగ్రాములు వానిని ప్రోగుచేసి వేరుగ ఉంచును, దొరికిన వస్తువులను పోలీసు ఠాణాలో ఉంచినట్లు.

వీని పరిమితిని గుర్తింపవలెను. తనిఖీ ప్రోగ్రాము రిజిస్టరులోని పద్దులు ఒకదానితో నొకటి పొసగునట్లు చేయును. వానిని పొసగించుటకు ఒక ఫైలును కత్తిరింపవలసి వచ్చినచో వెనుకాడదు. లెక్క కుదురుట వేరు, సొమ్ము దక్కుట వేరు.

డిస్కులు పెద్దవైన కొలది ఈ తనిఖీకి గంటలు పట్టజొచ్చెను. దీనికి దొరికిన ఉపాయము మన షావుకార్లకు ఎప్పుడో తెలిసినదే. వారు బేరము జరిగినంతనే చిట్టాలో వ్రాసికొని, తరువాత ఆవర్జాకెక్కింతురు. ఆవర్జా వ్రాయుచుండగా దీపము ఆరినను చిట్టా చూచి పూర్తిచేయవచ్చును. 1993లో విండోస్ ఎన్.టి.తో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్., 2001లో లినక్స్ ప్రధానశాఖలో చేరిన ఎక్స్‌ట్-3 ఈ పద్ధతిని పాటించినవి. చేయబోవు మార్పును ముందు చిట్టాలో వ్రాసి, పిదప రిజిస్టరులో చేయును. అంతరాయము కలిగినచో లేచిన వెంటనే చిట్టా చదివి సరిచేసికొనును. అయినను ఇవి సాధారణముగా చిట్టాకెక్కించునది రిజిస్టరు మార్పులనే. ఫైలులోని విషయమునకు ఈ రక్షణ పూర్తిగా వర్తింపదు.

వెలుపలి భాగమునకే చేటు

ఇంతవరకు ఫ్లాపీయు, రోమ్ చిప్పును చేటునకు అందని చోటులుగా నిలిచినవి. ఆ నమ్మకము రెండు సార్లు దెబ్బతిన్నది. 1986లో లాహోరు నగరమునుండి వ్యాపించిన 'బ్రెయిన్' వైరసు ఫ్లాపీలోని మొదటి గడిలోనే తిష్ఠ వేసినది. మందు సీసాలోనే వ్యాధి దూరినట్లయినది. వ్రాతను అడ్డుకొను గండి మూసిన ఫ్లాపీతోనే యంత్రమును లేపవలెనను నియమము ఆ దినములలో బలపడినది.

రెండవ దెబ్బ 1999 ఏప్రిల్ 26న తగిలినది. ఆనాటికి రోమ్ స్థానమున, మరల వ్రాయుటకు వీలగు ఫ్లాష్ చిప్పులు వచ్చియుండెను. సి.ఐ.హెచ్. అను వైరసు ఆ తేదీన విండోస్ 95, 98 యంత్రములలో డిస్కుయొక్క మొదటి ఒక మెగాబైటును చెరిపివేసినది. కొన్ని యంత్రములలో ఫ్లాష్ చిప్పును సైతము పాడుచేసినది. చిప్పు చెడిన యంత్రము ఏ ఫ్లాపీతోను లేవలేదు. దిద్దుకొనుటకు తెరచిన తలుపే చేటునకును దారియైనది. అయినను పెద్ద డిస్కులుగలవారికి ఒక ఆశ మిగిలినది. వానిలో ఫ్యాట్ పట్టిక పరిమాణము ఎక్కువ గనుక దాని రెండవ ప్రతి ఆ మొదటి మెగాబైటునకు అవతల ఉండెను. ఆ ప్రతి ఆధారముగా ఫైళ్లను తిరిగి తెచ్చు ప్రోగ్రాములు వెలువడినవి. రూపకర్తలు ఏనాడో జాగ్రత్తకై వ్రాసి పెట్టిన రెండవ ప్రతి అనేకుల శ్రమను కాపాడెను.

పెట్టెలోనే వైద్యుడు

1995 ఆగస్టులో వచ్చిన విండోస్ 95 'సేఫ్ మోడ్' అను పద్ధతిని తెచ్చినది. కనీసపు భాగములతో మాత్రము లేచి, అడ్డుపడుచున్న ప్రోగ్రామును తీసివేయుటకు ఇది అవకాశమిచ్చును. 1998లో విండోస్ 98 తన అమరికల పుస్తకమునకు, అనగా రిజిస్ట్రీకి, ఐదు పాత ప్రతులను దాచుకొనెడిది. వ్యవస్థా ఫైళ్లను సరిచూచు ప్రోగ్రాము కూడ అందు చేరినది. 2000లో విండోస్ మిలీనియములో పూర్వస్థితికి మరల్చు 'సిస్టమ్ రిస్టోర్' వచ్చినది. 2007లో విండోస్ విస్టాతో ఒక చిన్న మరమ్మతు వ్యవస్థయే తోడైనది. ప్రధాన వ్యవస్థ లేవనపుడు ఇది లేచి, తెగిన లంకెను తానే వెదకును.

2000లోనే జర్మనీకి చెందిన క్లాస్ నాపర్ 'నాపిక్స్' అను లినక్స్ సి.డి.ని వెలువరించెను. హార్డు డిస్కును తాకకుండ సి.డి.నుండియే పూర్తి వ్యవస్థ నడచును. చెడిన విండోస్ యంత్రమును దీనితో లేపి, యజమాని ఫైళ్లను వేరొక డిస్కునకు ఎత్తిపెట్టి, ఆ తరువాత మరమ్మతు చేయుట సాధ్యమైనది. వెనుకటి ఫ్లాపీ చేసిన పనినే ఇది పెద్ద ఎత్తున చేసినది. నేడు ఈ పనికి పెన్ డ్రైవ్ వాడుచున్నారు.

ఇంతలో తయారీదారులు వేరు సి.డి. ఇచ్చుట తగ్గించి, హార్డు డిస్కులోనే ఒక గుప్త భాగమున వ్యవస్థ నకలును ఉంచసాగిరి. ఇది అనుకూలమే గాని, డిస్కే చెడినచో వైద్యుడును రోగితోపాటే పోవును. 2011లో ఆపిల్ సంస్థ కొత్త మాక్ యంత్రములలో, డిస్కుతో నిమిత్తము లేక ఇంటర్నెట్టునుండి వ్యవస్థను తెచ్చుకొను ఏర్పాటు చేసినది. 2012లో విండోస్ 8 'రీసెట్' అను సౌకర్యమునిచ్చినది. తరువాతి విండోస్ రూపములలో ఇందు తెరపై ఒక ప్రశ్న వచ్చును: నా ఫైళ్లను ఉంచవలెనా, అన్నిటిని తీసివేయవలెనా? తొందరలో రెండవ జవాబును నొక్కినచో యంత్రము కొత్తదానివలె లేచును. సంవత్సరముల శ్రమ మాత్రము పోవును.

తాళము, తాళపుచెవి

2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ తన రక్షణ ప్రోగ్రామునకు పంపిన ఒక దోషపూరిత ఫైలువలన విండోస్ యంత్రములు లేచుట, కూలుట, మరల లేచుట అను చక్రమున చిక్కుకొన్నవి. మైక్రోసాఫ్ట్ అంచనా ప్రకారము వీని సంఖ్య 85 లక్షలు. కాపాడవలసిన కంచే చేను మేసినట్లయినది. ఇవి ఎక్కువగా సంస్థల యంత్రములు. ఇంటి కంప్యూటర్లకు పెద్దగా తగులలేదు. కాని చికిత్స ఇంటివారికిని పాఠమే. సేఫ్ మోడ్‌లో లేపి ఆ ఒక్క ఫైలును తీసివేసినచో చాలును. ఈ చిన్న పనికై అనేక చోట్ల మనుష్యులు ఒక్కొక్క యంత్రము వద్దకు నడచిపోవలసి వచ్చినది. డిస్కు రహస్యలిపిలో బంధింపబడియున్న యంత్రములకు 48 అంకెల తాళపుచెవి కూడ కావలసివచ్చెను.

ఈ రహస్యలిపి నేడు అనేక ఇంటి యంత్రములలోను ఉన్నది. దొంగిలింపబడిన కంప్యూటరులోని వ్రాతలను పరులు చదువకుండ ఇది కాపాడును. తాళపుచెవి పోయినచో యజమానియు పరుడే యగును. ఎంత మంచి పెన్ డ్రైవ్‌తో యంత్రమును లేపినను ఫైళ్లు అర్థములేని గుర్తులుగనే కనబడును. ఆ చెవిని అదే కంప్యూటరులో దాచుట, ఇంటి తాళపుచెవిని ఇంటిలోపల పెట్టి తలుపు వేసికొనుట వంటిది.

విద్యార్థులు నేర్వదగినది

స్విచ్చులనుండి ఇంటర్నెట్టు వరకు మారిన పరికరములు అనేకము. నిలిచిన సూత్రము ఒక్కటే. చెడినది బాగుపడవలెనన్నచో, చేటునకు అందని ప్రతియొకటి వెలుపల ఉండవలెను. నిర్వాహక వ్యవస్థ విషయమున ఈ ప్రతిని తయారీదారుడు ఉంచును; అది లక్షల యంత్రములకు ఒక్కటే గనుక ఎప్పుడైనను తెచ్చుకొనవచ్చును. మన వ్రాతలు లోకమున మరెచ్చటను లేవు. వాని రెండవ ప్రతిని మనమే ఉంచుకొనవలెను.

కావున చికిత్సకు ఒక వరుస కలదు. మొదట యంత్రము చెప్పిన మాటను వ్రాసికొనవలెను. పిదప వెలుపలి వ్యవస్థతో లేపి ఫైళ్లను వేరొక డిస్కునకు చేర్పవలెను. డిస్కునుండి టకటక ధ్వని వినవచ్చుచున్నచో అది వ్రాత చెడుట కాదు, లోహము చెడుట. అప్పుడు యంత్రమును ఆపి తెలిసినవారికి చూపవలెను. ఫైళ్లు భద్రమైన తరువాతనే తెగిన లంకెను వెదకవలెను. లంకె దొరకనిచో వ్యవస్థను మరల ఎక్కింపవలెను.

పాఠశాలలో మూలపడిన పాత కంప్యూటరు ఒకటి ఉన్నచో ఉపాధ్యాయులు దీనిని ప్రయోగముగ చూపవచ్చును. అందలి ఫైళ్లను ముందు ఎత్తిపెట్టి, డిస్కు తీగను ఊడదీసి, లినక్స్ గల పెన్ డ్రైవ్‌తో యంత్రమును లేపుడు. డిస్కు లేని కంప్యూటరు తెర వెలిగినప్పుడు, వ్యవస్థ వేరు, యంత్రము వేరు అను సంగతి పిల్లలకు బోధపడును. తరువాత తీగను మరల తగిలించి, ఆ పెన్ డ్రైవ్‌నుండియే డిస్కులోని ఫైలునొకదానిని తెరచి చూపుడు. వ్యవస్థ నిద్రించుచున్నను వ్రాతలు అచ్చటనే పదిలముగ ఉన్నవని తెలిసిన విద్యార్థి, రేపు తన ఇంటి కంప్యూటరు లేవనపుడు తొందరపడి 'అన్నిటిని తీసివేయుము' అను మీటను నొక్కడు.